ఫైలుకు తాళం వేసిన మనిషి – డెన్నిస్ రిచీ

మన హాస్టల్లో కంప్యూటర్ కోర్సు చదివిన ఏ తమ్ముణ్ణి అడిగినా డెన్నిస్ రిచీ పేరు చెబుతాడు. సి భాషను కనిపెట్టింది ఎవరు అనే ఒక మార్కు ప్రశ్నకు జవాబు అది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సంచి పెట్టి సీటు ఆపుకుని, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సు బట్టీ పట్టే గ్రూప్స్ అభ్యర్థులకూ ఆ జవాబు తెలుసు. ఆ ఒక్క మార్కు దగ్గరే ఆయన కథ ఆగిపోవడం అన్యాయం. ఒక ఫైలును ఎవరు చదవాలి, ఎవరు దిద్దాలి, ఎవరు నడపాలి అనే అనుమతిని ఫైలు యజమాని చేతిలోనే పెట్టి, దాన్ని ప్రోగ్రాం లోపలి నుంచే మార్చుకునే వీలు కల్పించినవారిలో ఆయన ముఖ్యులు. నలుగురికి ఒక గది, నలభై మందికి ఒక కంప్యూటర్ ఉన్న మనలాంటి చోట ఆ సంగతి తెలుసుకోదగినది.

డెన్నిస్ మకాలిస్టర్ రిచీ 1941 సెప్టెంబర్ 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో బ్రాంక్స్‌విల్ అనే ఊరిలో జన్మించారు. పెరిగింది న్యూజెర్సీలోని సమ్మిట్‌లో. తండ్రి అలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్ అనే ప్రసిద్ధ టెలిఫోన్ పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. స్విచింగ్ సర్క్యూట్ల మీద వచ్చిన ఒక మంచి పుస్తకానికి ఆయన సహరచయిత. అంటే రిచీ మనలాగా ఇంట్లో మొదటిసారి బడి మెట్లెక్కినవాడు కాదు. చదువు ఆ ఇంట్లో ముందే ఉంది. గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు అందరినీ పేదరికం నుంచే పైకి తీసుకురావడం మన సంచికల్లో అలవాటైపోయింది కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1963లో భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. అక్కడ చదువుతుండగా యూనివాక్ అనే కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో చెప్పిన ఒక ఉపన్యాసం విని, అటువైపు మళ్లారు. తర్వాత అక్కడే గణితంలో పరిశోధన చేసి 1968లో సిద్ధాంత గ్రంథం పూర్తిచేశారు. కానీ డాక్టరేట్ మాత్రం చేతికి రాలేదు. నిబంధన ప్రకారం బైండు చేసిన ప్రతిని లైబ్రరీకి ఇవ్వాలి, ఆయన ఇవ్వలేదు. బైండింగ్ ఖర్చు తానెందుకు పెట్టాలని పట్టుబట్టారని కొందరు, అప్పటికే ఉద్యోగంలో మునిగిపోయి పట్టించుకోలేదని కొందరు చెబుతారు. ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కు డబ్బుల్లేక నారాయణగూడ జెరాక్స్ షాపు ముందు నిలబడినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకు ఆ పట్టా లేకపోతే ఉద్యోగమే లేదు. రిచీకి లేకపోయినా నడిచింది. ఆ తేడా గుర్తుంచుకుని చదవండి.

1967లోనే ఆయన మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో చేరారు. అప్పుడక్కడ మల్టిక్స్ అనే పెద్ద ప్రయత్నం సాగుతోంది. ఒకే కంప్యూటర్‌ను ఎందరో ఒకేసారి వాడుకునే వ్యవస్థ అది. ఎం.ఐ.టి., జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మొదలుపెట్టాయి. పని ఎంతకీ తెమలకపోవడంతో 1969లో బెల్ ల్యాబ్స్ బయటికి వచ్చేసింది. రిచీ మిత్రుడు కెన్ థాంప్సన్ ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద అదే ఏడాది కొత్త వ్యవస్థ మొదలుపెట్టారు. అదే యూనిక్స్. రిచీ అందులో మొదటి నుంచీ ఉన్నారు.

మరింత మంచి యంత్రం కావాలంటే పై అధికారులకు కారణం చూపించాలి. సంస్థ పేటెంటు విభాగానికి దరఖాస్తులు టైపు చేసుకునే ఏర్పాటు చేసిపెడతామని చెప్పి 1970లో పీడీపీ-11 కొనిపించారు. దాని మెమరీ 24 కిలోబైట్లు, డిస్కు అర మెగాబైటు. అంత చిన్న యంత్రం మీద ఒక పక్క పేటెంటు విభాగం టైపిస్టులు, మరో పక్క పరిశోధకులు పనిచేసేవారు. ఒకరి ప్రోగ్రాం తప్పుదారి పడితే ఇంకొకరి కాగితాలు చెడిపోకూడదు. అలాగని ఎవరివి వారు దాచుకుంటే కలిసి పనిచేయడమే కుదరదు.

హాస్టల్లో ఉన్నవాడికి ఈ చిక్కు వేరే చెప్పనక్కర్లేదు. ట్రంకు పెట్టెకు తాళం వేస్తే పక్క మంచం తమ్ముడికి రికార్డు నోటుబుక్కు అందదు. వేయకపోతే సబ్బు కూడా మిగలదు.

మల్టిక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక జాబితా ఉండేది. ఫలానా వ్యక్తి చదవవచ్చు, ఫలానా వ్యక్తి రాయవచ్చు అని పేరుపేరునా రాసేవారు. యూనిక్స్‌లో థాంప్సన్, రిచీలు అంత విస్తారంగా పోలేదు. 1971 నవంబర్ 3 తేదీతో ఉన్న యూనిక్స్ మొదటి మాన్యువల్లో ఒక్కో ఫైలుకు ఆరే గుర్తులు కనిపిస్తాయి. యజమాని చదవవచ్చా, రాయవచ్చా. యజమాని కానివారు చదవవచ్చా, రాయవచ్చా. ఇది నడపదగిన ప్రోగ్రామా. ఆరోది ఒక ప్రత్యేకమైన గుర్తు, దాని సంగతి తర్వాత చెబుతాను. కొన్నాళ్లకు గుర్తులు ఏడయ్యాయి. ఆ తర్వాత యజమానికీ లోకానికీ మధ్య గ్రూపు అనే మూడో వరస చేరింది. మన గది, మన బ్లాకు, మొత్తం హాస్టల్ అన్నట్టు. లినక్స్ ల్యాబులో ఫైళ్ల పట్టీలో ఎడమవైపు కనిపించే తొమ్మిది అక్షరాలు అవే.

ఆ గుర్తులను మార్చే పని పేరు సీహెచ్‌మోడ్. చేంజ్ మోడ్ అనే మాటకు పొట్టి రూపం. మొదటి మాన్యువల్లోనే అది రెండు చోట్ల ఉంది. ఒకటి మనిషి టెర్మినల్ దగ్గర కూర్చుని టైపు చేసే ఆదేశం. రెండోది ప్రోగ్రాం తనంతట తాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు పెట్టుకునే విన్నపం, అంటే సిస్టమ్ కాల్. నిజానికి ఆదేశం కూడా ఒక చిన్న ప్రోగ్రామే, అదీ లోపల ఈ విన్నపమే పెడుతుంది. మనిషి చేయగలిగినదంతా ప్రోగ్రాం చేత కూడా చేయించవచ్చు, మనిషికి వేరే రహస్య ద్వారం లేదు. ఈ వరస నాకు చాలా నచ్చుతుంది.

సి ప్రోగ్రాంలో దీన్ని పిలవడానికి రెండే ఇవ్వాలి. ఫైలు పేరు, కొత్త అనుమతి అంకె. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కావలసినవి కూడుకోవాలి. యజమానికి చదవడం, రాయడం కలిపి 6, గ్రూపుకు చదవడం 4, మిగతావారికి 4, మొత్తం 644. పని జరిగితే సున్నా తిరిగి వస్తుంది, జరగకపోతే మైనస్ ఒకటి. చాలామంది ఆ వచ్చిన విలువను చూడనే చూడరు. తాళం పడిందో లేదో లాగి చూడకుండా ఊరికి వెళ్లిపోవడం లాంటిది అది.

విన్నపం వచ్చినప్పుడు కెర్నల్ అడిగేది ఒకే ప్రశ్న. ఈ ప్రోగ్రాం ఎవరి పేరు మీద నడుస్తోంది? ఫైలు యజమాని పేరు మీదనైతే సరే, రూట్ అనే సర్వాధికారి పేరు మీదనైనా సరే. ఇంకెవరైనా కుదరదు. ఫైలులో రాసే అనుమతి ఉన్నవాడు కూడా దాని అనుమతులను మార్చలేడు. వార్డెన్ గారి రిజిస్టర్‌లో సంతకం పెట్టే హక్కు మనకుంది, ఆ రిజిస్టర్ ఎవరికి చూపించాలో తేల్చే హక్కు మనకు లేదు. రాయడం వేరు, అధికారం వేరు. పరీక్షలో దీని మీద ప్రశ్న వస్తే సగం మంది తప్పు రాస్తారు.

ఇక్కడ ఒక పొరపాటు గురించి హెచ్చరించాలి. ఆ 644 ఎనిమిది ఆధారంగా లెక్కించే ఆక్టల్ అంకె. సి భాషలో ఆక్టల్ అంకెకు ముందు సున్నా పెట్టాలి, 0644 అని రాయాలి. సున్నా మరిచి వట్టి 644 అని రాస్తే కంపైలర్ ఏమీ అనదు, మామూలు ఆరువందల నలభై నాలుగు అనుకుంటుంది. దాన్ని ఆక్టల్‌లోకి మార్చి చూడండి, 1204 వస్తుంది. మొదటి ఒకటిని పక్కన పెడితే మిగిలింది 204. యజమానికి రాయడం మాత్రమే, గ్రూపుకు ఏమీ లేదు, ఊరందరికీ చదివే వీలు. సొంత ఫైలును తాను చదవలేడు, దారిన పోయేవాడు చదువుతాడు! ఒక్క సున్నా ఖరీదు అది. ఇంత చిన్న గుర్తును అంత ప్రమాదకరంగా ఉంచడం రిచీ భాషలో ఒక లోపమేనని నా అభిప్రాయం. అంతకుముందు థాంప్సన్ చేసిన బి భాషలోని పద్ధతిని ఆయన అలాగే తెచ్చుకున్నారు. తర్వాత వచ్చిన పైథాన్ మూడో రూపంలో సున్నా పక్కన ఓ అక్షరం కూడా రాయాలని మార్చారు.

మన కాలేజీ ల్యాబుల్లో ఏళ్ల తరబడి టర్బో సి నడిచింది. అందులోనూ ఈ ఫంక్షన్ ఉంది. కానీ డాస్‌లో ఫైలుకు యజమాని అనేవాడే లేడు. రాయకుండా ఆపవచ్చు గానీ చదవకుండా ఆపడం కుదరదు. అందుకే అక్కడ నేర్చుకున్నవాళ్లకు దీని అసలు రుచి తెలియలేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ మిత్రులు తెలుగు లినక్స్ తెచ్చే పని పెట్టుకున్న తర్వాతే చాలామంది విద్యార్థులు యజమాని, గ్రూపు, ఇతరులు అనే మాటలను తెర మీద చూశారు.

ఇప్పుడు ఆ ప్రత్యేకమైన గుర్తు దగ్గరికి వద్దాం. పూర్తిగా రిచీ సొంత ఆలోచన అది. పేరు సెట్‌యూఐడీ.

మెస్ లెక్కల పుస్తకం అనుకోండి. విద్యార్థి తన భోజనాల వరసలో టిక్కు పెట్టాలి, పక్కవాడి వరసను ముట్టుకోకూడదు. పుస్తకం చేతికిస్తే అన్ని వరసలూ దిద్దవచ్చు. ఇవ్వకపోతే తన టిక్కూ పెట్టలేడు. చదవడం, రాయడం అనే రెండు అనుమతులతో ఈ ముడి విప్పలేం. హాస్టల్లో మనం చేసేదేమిటి? పుస్తకం మెస్ సెక్రటరీ దగ్గర ఉంటుంది. మనం చెబితే అతను మన వరసలో మాత్రమే టిక్కు పెడతాడు. ఆ మెస్ సెక్రటరీ స్థానంలో రిచీ ప్రోగ్రాంను నిలబెట్టారు. ఈ గుర్తు ఉన్న ప్రోగ్రాంను ఎవరు నడిపినా, అది నడిపినవాడి పేరు మీద కాకుండా ప్రోగ్రాం యజమాని పేరు మీద నడుస్తుంది. అధికారం మనిషికి రాదు, ఆ ప్రోగ్రాం చేసే ఒక్క పనికే వస్తుంది.

మనం పాస్‌వర్డ్ మార్చుకునే ప్రతిసారీ జరిగేది ఇదే. పాస్‌వర్డ్‌ల ఫైలులో రాసే హక్కు రూట్‌కే ఉంది. మార్చే ప్రోగ్రాం రూట్ పేరు మీద నడిచి, పాత పాస్‌వర్డ్ అడిగి, మన ఒక్క వరస మార్చి బయటికి వచ్చేస్తుంది. ఇంకో మంచి విషయం. ఈ గుర్తు పెట్టుకోవడానికి పై అధికారి సంతకం అక్కర్లేదు. సీహెచ్‌మోడ్‌తో ఎవరైనా తన ప్రోగ్రాంకు తానే పెట్టుకోవచ్చు. 1974 జూలైలో థాంప్సన్, రిచీ కలిసి ప్రచురించిన యూనిక్స్ వ్యాసంలో ఇందుకు చూపిన ఉదాహరణ మూ అనే అంకెల ఆట. ఆడినవారి మార్కులు ఒక ఫైలులో చేరాలి, ఎవరూ ఆ ఫైలును చేత్తో దిద్దుకోకూడదు. ఆట రాసిన మామూలు విద్యార్థి కూడా సిస్టమ్ అధికారి దగ్గరికి దరఖాస్తు పట్టుకుని వెళ్లకుండా ఆ ఏర్పాటు చేసుకోవచ్చు. కులం సర్టిఫికెట్ కోసం, ఆదాయం సర్టిఫికెట్ కోసం, స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం కోసం ఎన్ని బల్లల ముందు నిలబడ్డామో లెక్కేసుకుంటే ఈ ఆలోచన విలువ మనకు ఇంకొంచెం బాగా తెలుస్తుంది.

బెల్ ల్యాబ్స్ దీనికి పేటెంటు కోరింది. 1973 జూలై 9న దరఖాస్తు వేశారు, 1979 జనవరి 16న అమెరికా పేటెంటు నంబరు 4135240 మంజూరైంది. ఆవిష్కర్త పేరు డెన్నిస్ ఎం. రిచీ ఒక్కటే. అప్పట్లో ప్రోగ్రాంలకు పేటెంటు ఇస్తారో లేదో తేలని కాలం. అందుకని దరఖాస్తులో ఈ పద్ధతిని సర్క్యూట్ బొమ్మల రూపంలో కూడా చూపించారు. యూనిక్స్‌ను మొదట వాడింది పేటెంటు విభాగం టైపిస్టులే కదా, చివరికి ఆ వ్యవస్థలోని ముక్కకే పేటెంటు వచ్చింది. తర్వాత సంస్థ ఆ పేటెంటును ప్రజలకు వదిలేసింది. డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చు. వదలకపోయి ఉంటే లినక్స్ లాంటి ఉచిత వ్యవస్థల దారి ఇంత సులువుగా ఉండేది కాదు.

సి భాష సంగతి మీకందరికీ తెలిసిందే కనుక పొడిగా చెబుతాను. 1971 నుంచి 1973 మధ్య రిచీ దాన్ని తయారుచేశారు. 1973లో యూనిక్స్‌ను సి భాషలో తిరగరాశారు. దాంతో అది ఒక యంత్రానికి కట్టుబడి ఉండకుండా ఎక్కడికైనా పోగలిగింది. 1978లో బ్రయాన్ కెర్నిగాన్‌తో కలిసి రాసిన పుస్తకం మన దేశంలోనూ చవక ముద్రణలో దొరికి, కోఠి ఫుట్‌పాత్‌ల మీదా ఆబిడ్స్ ఆదివారం సంతలోనూ సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారింది. పల్చటి పుస్తకం. లావు గైడ్లు పక్కనపెట్టి దాన్ని ఒకసారి చదవమని తమ్ముళ్లకు నా సలహా.

రిచీ తన పని గురించి గొప్పలు చెప్పుకోలేదు. యూనిక్స్ భద్రత మీద ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. భద్రతను గట్టిగా మనసులో పెట్టుకుని ఈ వ్యవస్థను కట్టలేదని అందులో మొదటే ఒప్పుకున్నారు, ఎక్కడెక్కడ దెబ్బ తినవచ్చో తామే ఎత్తిచూపారు. సెట్‌యూఐడీ కూడా అలాంటిదే. రూట్ పేరు మీద నడిచే ప్రోగ్రాంలో చిన్న తప్పున్నా, దాన్ని నడిపినవాడు మొత్తం యంత్రాన్ని చేజిక్కించుకోగలడు. మెస్ సెక్రటరీనే మాయచేసి స్టోర్ రూం తాళాలు లాక్కున్నట్టు. లినక్స్‌లో అందరూ వాడే సుడో అనే ప్రోగ్రాంలో 2011 నుంచి దాగి ఉన్న అలాంటి తప్పు 2021 జనవరిలో బయటపడింది. పదేళ్లు ఎవరి కంటా పడలేదు. రిచీ విభాగంలోనే యూనిక్స్ తర్వాత తయారైన ప్లాన్ 9 అనే వ్యవస్థలో సెట్‌యూఐడీ లేదు, రూట్ అనే సర్వాధికారి కూడా లేడు. పేటెంటు వచ్చిన తన ఆలోచనను తన కళ్ల ముందే పక్కన పెడుతుంటే అడ్డుపడని మనిషి ఆయన. నాకు సి భాష కన్నా ఇదే పెద్దదిగా కనిపిస్తుంది.

1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 1998 సంవత్సరానికి అమెరికా జాతీయ సాంకేతిక పతకం ఇద్దరికీ వచ్చింది. 2007లో రిటైరయ్యారు. 2011లో జపాన్ ప్రైజ్ వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా ఉండేవారు. 2011 అక్టోబర్ 12న ఇంట్లో మరణించి కనిపించారు. అప్పటికి డెబ్బై ఏళ్లు. వారం ముందు, అక్టోబర్ 5న, ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ పోయారు. పత్రికల మొదటి పేజీలు ఇంకా ఆయనతోనే నిండి ఉన్నాయి. జాబ్స్ అమ్మిన ఫోన్ల లోపల కూడా యూనిక్స్ వారసత్వమే ఉందన్న సంగతి తెలిసినవారు మాత్రం రిచీ కోసం బాధపడ్డారు.

మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నది లినక్స్. అందులో ప్రతి యాప్‌కూ వేరే యూజర్ నంబరు ఇస్తారు. ఒక యాప్ ఫైలును ఇంకొకటి తెరవకుండా ఆపే గోడల్లో యాభై ఏళ్ల నాటి ఆ గుర్తులు కూడా ఉన్నాయి. తన ఫైలును లోకమంతా చదివేలా తెరిచిపెట్టే సదుపాయం ఒకప్పుడు యాప్ రాసేవారికి ఉండేది. దుర్వినియోగం చూసి గూగుల్ 2012లో వద్దని చెప్పి, 2016లో వచ్చిన ఏడో ఆండ్రాయిడ్ నుంచి పూర్తిగా ఆపేసింది.

2019లో ఇంకో తమాషా జరిగింది. పాత యూనిక్స్‌లో పాస్‌వర్డ్‌ల ఫైలును రూట్ మాత్రమే దిద్దగలిగినా, చదవడానికి అందరికీ అనుమతి ఉండేది. యూజర్ నంబర్లకు పేర్లు వెతుక్కోవడానికి అన్ని ప్రోగ్రాంలకూ అది కావాలి. పాస్‌వర్డ్ మాత్రం సంకేత రూపంలో ఉంటుంది కదా, ఎవరు చదివితే ఏమిలే అనుకున్నారు. కాలం గడిచి యంత్రాలు వేగం పెరిగాక ఆ ధీమా చెల్లలేదు. అందుకే ఆ సంకేతాలను తర్వాత రూట్ మాత్రమే చదవగల వేరే ఫైలులోకి తరలించారు. అయితే అంతకుముందే, 1980 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పంచిన యూనిక్స్ కట్టలో యూనిక్స్ పెద్దలందరి సంకేతాలూ ఉన్న ఒక ఫైలు బయటికి వెళ్లిపోయింది. నలభై ఏళ్లకు కొందరు ఔత్సాహికులు దాన్ని పట్టుకుని ఒక్కొక్కటే విప్పారు. థాంప్సన్‌ది చదరంగంలో మొదటి ఎత్తు. దాన్ని విప్పడానికి రోజులు పట్టింది. రిచీది నాలుగే అక్షరాలు: డి, ఎం, ఏ, సి. డెన్నిస్‌లో మొదటి అక్షరం, మకాలిస్టర్‌లో మొదటి మూడు.